మాట మీద లొల్లి వచ్చినప్పుడు ఎట్లా వాదించాలి

హన్మకొండలో ఏ ఆఫీసులోనైనా, కాజీపేటలో ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా ఈ వాదన దాదాపు ఒకే తీరుగా మొదలవుతుంది. ఎవరో "ఆ కుంటాయనకు ఫైల్ ఇయ్యి" అంటారు, ఇంకొకరు అట్లా అనకండి అంటారు, వెంటనే "ఉన్నమాటే అన్న కదా, ఇప్పుడు నోరు కూడా తెరవొద్దా?" అని ఎదురొస్తుంది. ఇక అందరూ మాట్లాడతారు, ఎవరి గురించి లొల్లి మొదలైందో ఆయన మాత్రం తల వంచుకుని పని చేసుకుంటుంటాడు. ఈ వాదన చేసి తీరాల్సిందే, అయితే ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టకుండా చేయాలి.

నలుగురిలో ఆపాల్సి వస్తే ఒక్క మాట చాలు: "పేరుతోనే పిలుద్దాం అన్నా." పాఠం మొదలుపెట్టొద్దు. మిగతాది తర్వాత, టీ దగ్గర, ఇద్దరే ఉన్నప్పుడు. అందరి ముందు పరువు పోయిందనుకున్న మనిషి పంతానికైనా ఆ మాటను మళ్లీ అంటాడు. ఇంట్లో పెద్దవాళ్లయితే "కాకా, నీ మనసుల ఏం లేదని నాకు తెలుసు, ఆయనకెట్ల తెలుస్తది?" అని అడగండి. తప్పు పట్టినట్టు ఉండదు, జవాబు మాత్రం ఆలోచించి చెప్పాల్సి వస్తుంది.

"మా దగ్గర అందరం గట్లనే అంటం" అంటే మన అనుభవాన్నే గుర్తు చేయండి. ఏళ్ల తరబడి సినిమాల్లో మన తెలంగాణ యాసను రౌడీలకో, నవ్వించే పాత్రలకో పెట్టారు. ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే నవ్వుతారేమోనన్న టెన్షన్ మన పిల్లలు మోశారు. అలా నవ్విన వాళ్లూ సరదాకే అన్నాం అన్నారు. కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే మనకు, మాట ఎక్కడ తగులుతుందో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. వరంగల్‌లో ఇంతకంటే బాగా పనిచేసే వాదన నాకు కనిపించలేదు.

ఇక నువ్వు, మీరు సంగతి. మన ఊళ్లలో "బాపూ, నువ్వు తిన్నవా?" అంటే అందులో అగౌరవం ఏమీ లేదు, కాబట్టి నువ్వు అన్న ప్రతివాళ్ల మీదా పడొద్దు. చూడాల్సింది వేరే ఉంది. ఇరవై అయిదేళ్ల కొత్త ఆఫీసర్‌ను "మీరు, సార్" అనే నోరే, యాభై దాటిన అటెండర్‌ను "ఏయ్, నువ్వు ఇటు రా" అంటోందా? పొద్దున కార్పొరేషన్ బండి మీద వచ్చే ఆయన్ని పిల్లలు "చెత్తోడు వచ్చిండు" అంటుంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదా? తేడా అక్కడ పట్టుకోండి, ఆ రెండు పలకరింపులనూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఎదుటివాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకా తేలికగా పట్టుకోవచ్చు. తోటి ఉద్యోగిని గురించి ఆమె లేనప్పుడు "అది రాలేదా?" అంటే, అదే మాట ఆమె ముందు అంటారా అని అడగండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆఫీసుకు వచ్చినప్పుడు ఏమనాలో తెలియక చాలామంది మొహం చాటేస్తారు. "మిమ్మల్ని ఏమని పిలవాలండి?" అని అడిగితే సరిపోతుంది. అడిగే వీలు లేకపోతే "వారు వచ్చారు" అనండి, మన భాషలో ఆ వచ్చారు అనే మాట ఆడ, మగ అని చూడదు.

సరైన మాట ఏదన్నది మీరే తేల్చేయకండి. "దివ్యాంగులు" అనమని ప్రధాని 2015 డిసెంబరులో సూచించినప్పుడు కొందరు సంతోషించారు, వికలాంగుల హక్కుల కోసం పోరాడేవాళ్లలో చాలామంది మాకు దైవత్వం వద్దు, హక్కులు కావాలన్నారు. గాంధీ వాడిన మాట కదా అని పెద్దవాళ్లు మంచి ఉద్దేశంతోనే "హరిజనులు" అంటారు, దళితులు మాత్రం ఆ మాట మాకొద్దని ఎప్పటినుంచో చెబుతున్నారు. కుల ధ్రువీకరణ పత్రాల్లో రాయొద్దని కేంద్రం 1982లోనే చెప్పింది. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లకు నచ్చిన మాటే మనకూ సరైన మాట.

"మాట మారిస్తే బతుకు మారుతదా?" అనేవాళ్లను కొట్టిపారేయకండి, అది న్యాయమైన ప్రశ్న. పేరు మార్చి మెట్లు అట్లాగే ఉంచితే ఆయన పై అంతస్తుకు ఎట్లా వెళ్తాడు? అందుకే అప్పుడు వాదన ఆపి, "నిజమే, రెండూ చేద్దాం, ర్యాంపు కోసం అర్జీ రాస్తున్న, సంతకం పెట్టు" అనండి. నిజంగా అడిగినవాళ్లు పెడతారు.

కొన్నింటికి మాత్రం వాదన అక్కర్లేదు. నలుగురు చూస్తుండగా ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో తిట్టడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. వైకల్యం ఉన్న వ్యక్తిని బహిరంగంగా కావాలని అవమానిస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆఫీసులో ఆడవాళ్ల మీద అసభ్యంగా మాట్లాడితే, పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పనిచోట లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అక్కడికి వెళ్లొచ్చు. అలాంటప్పుడు అన్న మాటను అన్నట్టుగానే రాసిపెట్టండి, తేదీ, చోటు, పక్కన ఎవరున్నారో కూడా. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మాట పడ్డ మనిషిని అడగండి, చేస్తానంటే సాక్షిగా మీ పేరు ఇవ్వండి.