ఢాకా భాతేర్ హోటల్లో భోజనం ఎలా చేయాలి?

పని మీద ఢాకా వెళ్ళే తెలుగువాళ్ళు, అక్కడ మెడిసిన్ చదివే పిల్లల్ని చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది వారమంతా బిర్యానీ, ఫ్రైడ్ రైస్ తిని తిరిగి వచ్చేస్తారు. వచ్చాక ‘అక్కడ తిండి మనకు పడదు’ అంటారు. అన్నం, చేప, పప్పు, ఆకుకూర తినే దేశానికి వెళ్ళి మనవాళ్ళు ఈ మాట అనడం నాకు బాధగా ఉంటుంది. వాళ్ళు తప్పు చోట కూర్చుని తప్పు వంటకం చెప్పి ఉంటారు. గుల్షన్, బనానీల్లో ఏసీ రెస్టారెంట్లు బాగానే ఉంటాయి కానీ అక్కడి మెనూలో సగం చైనీస్, థాయ్. బంగ్లాదేశ్ భోజనం దొరికేది భాతేర్ హోటల్లో. అంటే మన మెస్ లాంటి భోజన హోటల్. రిక్షా తొక్కేవాళ్ళూ ఆఫీసు గుమాస్తాలూ ఒకే బల్ల మీద తింటుంటే అదే సరైన చోటు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళండి. మూడు దాటితే మిగిలినవే దొరుకుతాయి. శుక్రవారం నమాజు అయ్యాక రద్దీ ఎక్కువ. రంజాన్ నెలలో పగలు చాలా హోటళ్ళు మూసేస్తారు, తెరిచినవాటికి గుమ్మం ముందు తెర కట్టి ఉంటుంది. ఆ నెలలో భోజనం రాత్రికి పెట్టుకోండి. ఎక్కడికి వెళ్ళాలో తేలకపోతే పాత ఢాకాలో నాజిముద్దీన్ రోడ్డులోని నీరోబ్ హోటల్ భొర్తాలకు (మెదిపి చేసే పచ్చళ్ళ లాంటివాటికి) పేరు పడింది, అక్కడ మొదలుపెట్టవచ్చు.

లోపలికి వెళ్ళగానే చేతులు కడుక్కోండి. ఖాళీ ఉన్నచోట కూర్చోండి, పక్కన కొత్తవాళ్ళున్నా ఫరవాలేదు. వడ్డించే అతన్ని ‘మామా’ అని పిలవాలి, అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. తాగడానికి సీల్ తీయని నీళ్ళ సీసా అడగండి. చెంచా అడగొద్దు. ఈ భోజనం చేత్తోనే తినాలి, ఎందుకో చేప దగ్గరికి వచ్చాక చెప్తాను.

అన్నం ఎక్కువగా ఉప్పుడు బియ్యంతో వండుతారు. మెతుకు గట్టిగా, విడివిడిగా ఉంటుంది. మెత్తగా లేదని పక్కన పెట్టకండి. పల్చటి ఝోల్, అంటే కూర రసం, పీల్చుకున్నా ముద్ద కాకుండా నిలిచేది ఈ అన్నమే.

తర్వాత ఒక పెద్ద పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెలు వస్తాయి. ఇవే భొర్తాలు. ఉడికించినదో కాల్చినదో మెత్తగా మెదిపి పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు కలుపుతారు. వంకాయ, బంగాళాదుంప, చిక్కుడు, నల్లజీలకర్ర, రొయ్యలు, ఎండుచేపలు, ఇలా చాలా రకాలుంటాయి. ఆ గిన్నెలన్నీ ఉచితం అనుకోకండి, ముట్టినవాటికి డబ్బు కట్టాలి. మూడు చాలు: బంగాళాదుంప, వంకాయ, శుట్కి. శుట్కి అంటే ఎండుచేప. వాసన చూసి వద్దనకండి. ఎండు మెత్తళ్ళు తిని పెరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. శుట్కి భొర్తా రుచి చూడకుండా లేచినవాళ్ళు భోజనం చేసినట్టు కాదు. అయితే అందులో మిరపకాయ ఘాటు గట్టిగానే ఉంటుంది, గోళీకాయంత తీసుకుని దానికి నాలుగింతల అన్నం కలపండి.

తినే వరుస ముఖ్యం. ముందు ఆకుకూర, భొర్తా. తర్వాత చేప. మాంసం తింటే దాని తర్వాత. పప్పు అన్నిటికన్నా చివర. కలకత్తాలో పప్పు ముందే వేసుకుంటారు, ఢాకాలో చివరికి. నాకు ఢాకా పద్ధతే సరైనదనిపిస్తుంది. పప్పు ముందు పోసుకుంటే కడుపు నిండిపోతుంది, నాలుక మీద పసుపు రుచి నిలిచిపోయి చేప రుచి తెలియదు. మనవాళ్ళు అలవాటు కొద్దీ అన్నీ ఒకేసారి పళ్ళెంలో వేసుకుని కలిపేస్తారు. దయచేసి అలా చేయకండి. ఒక్కో కూరకు కొంచెం అన్నం పెట్టించుకోండి. లాల్ శాక్ అంటే మన ఎర్ర తోటకూర, పూయి శాక్ అంటే బచ్చలి. రెండిట్లో ఏది దొరికినా మొదట అదే.

మాంసం గురించి ఒక్క మాట. గోరు అంటే గొడ్డు మాంసం, ఖాశీ అంటే మేక, మురగీ అంటే కోడి. ఏది తింటారో ఏది తినరో కూర్చోగానే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. అయితే మొదటిసారి వెళ్ళినప్పుడు మాంసం జోలికి పోవద్దనే నా మాట. చేపకు చోటు ఉంచండి.

ఇక ఇలిష్. ఇక్కడే అందరూ బోల్తా పడతారు, అందుకే ఇది నిదానంగా చదవండి.

ఇలిష్ బంగ్లాదేశ్ జాతీయ చేప. 2017లో ఆ దేశం దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఇచ్చుకుంది. గోదావరి జిల్లాలవాళ్ళకు దీని పరిచయం అక్కర్లేదు. వరద నీటికి ఎదురీది వచ్చే మన పులస, పద్మా నదిలో ఎదురీదే ఇలిష్ ఒకే జాతి. పుస్తెలమ్మి తినాలని మనం అనుకునే చేప అక్కడ మామూలు హోటల్లో ముక్కల లెక్కన దొరుకుతుంది. అక్కడా అది చవకేమీ కాదు. మిగతా చేపలకన్నా ఎక్కువ, పరిమాణాన్ని బట్టి ధర మారుతుంది. ముక్క పళ్ళెంలో పడకముందే ‘కొతో టాకా?’ (ఎన్ని టాకాలు?) అని అడగండి. ఏటా అక్టోబరు ప్రాంతంలో గుడ్లు పెట్టే చేపల్ని కాపాడటానికి 22 రోజులు వేట, అమ్మకం నిషేధిస్తారు, ఆ రోజుల్లో ఇలిష్ కావాలని పట్టుబట్టకండి. 25 సెంటీమీటర్ల లోపు పిల్లచేపను జాట్కా అంటారు. అది దొరికినా తినకండి, ముల్లే తప్ప రుచి ఉండదు. పెరగాల్సిన చేపను తినేస్తే నదిలో మిగిలేది ఏమిటి?

మొదటిసారికి ‘పేటి’ అని అడిగి తీసుకోండి. అది పొట్ట వైపు ముక్క, కొవ్వు ఎక్కువ, ముళ్ళు తక్కువ. వీపు వైపు ముక్కను గాదా అంటారు. అందులో వెంట్రుకంత సన్నటి ముళ్ళు కండలోపల దాగి ఉంటాయి, చివర్లు రెండుగా చీలి ఉంటాయి. అలవాటు లేనివాళ్ళు గాదా ముక్క జోలికి పోవద్దు. తోక వైపు మరీ కష్టం. ఆవ పెట్టి వండిన శొర్షే ఇలిష్ చాలా బాగుంటుంది, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇష్టపడేవాళ్ళు దాన్ని వదలరు. కానీ ఆ చిక్కటి ముద్దలో ముల్లు కనపడదు. మొదటి రోజు వేయించిన ముక్కే తీసుకోండి.

ముక్క రాగానే అన్నంలో కలపకండి. ఈ ఒక్కటి పాటిస్తే సగం గండం గడిచినట్టే. ముక్కను పళ్ళెం అంచున, అన్నానికి దూరంగా పెట్టుకోండి. వేలు కాలనంత వరకూ ఆగండి, ఎందుకంటే వేడిగా ఉంటే తొందరపడి పెద్ద తునక తుంచుతారు. ముందు తోలు తీసి పక్కన పెట్టండి, అది పారేసేది కాదు, చివర తినాలి. నడి ముల్లు పక్కన బొటనవేలు ఆనించి కండను పొర వెంబడి జరపండి. అడ్డంగా విరిచారో ముళ్ళు తునిగి చిన్న ముక్కలవుతాయి, అవే గొంతులో గుచ్చుకునేవి. పొర వెంబడి తీస్తే ముల్లు నిండు పొడవునా బయటికి వస్తుంది.

ఇప్పుడు ఆ కండను బియ్యంలో రాళ్ళు ఏరినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడండి. ఏదో గుచ్చుకుంటుంది, దాన్ని లాగేయండి. మళ్ళీ నలపండి. కంటికి కనపడని ముల్లు వేలికి తెలుస్తుంది. చెంచా వద్దన్నది ఇందుకే. చెంచాకు స్పర్శ లేదు. రెండుసార్లు నలిపి ఏమీ తగలకపోతేనే దానికి సరిపడా చారెడు అన్నం కలిపి నోట్లో పెట్టుకోండి. పెట్టుకున్నాక మాట్లాడకండి, ఫోన్ చూడకండి, నవ్వించేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోకండి. నాలుకతో ఒకసారి తిప్పి చూసి, ముల్లు తగిలితే మొహమాటపడకుండా వేళ్ళతో తీసి పళ్ళెం అంచున పెట్టండి. అక్కడ అందరూ అదే చేస్తారు. చిన్నపిల్లలకైతే పెద్దవాళ్ళే ముళ్ళు తీసి తినిపించాలి, వాళ్ళ చేతికి ముక్క ఇవ్వొద్దు.

గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమనో అరటిపండు మింగమనో చుట్టుపక్కలవాళ్ళు చెప్తారు. మన ఊళ్ళలోనూ ఇదే చెప్తారు. చేయకండి. ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది. నెమ్మదిగా దగ్గి చూడండి, రెండు గుక్కలు నీళ్ళు తాగండి. అప్పటికీ గుచ్చుతుంటే తినడం ఆపి చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఊపిరి ఆడటం కష్టమైతే ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆస్పత్రికి.

ఇదంతా చదివి టెన్షన్ పడి రుయ్ (రోహు) చేపతో సరిపెట్టుకుంటామనేవాళ్ళుంటారు. రుయ్ మంచి చేపే, మన చెరువుల్లోనూ ఉంది. కానీ దాని కోసం ఢాకా దాకా వెళ్ళక్కర్లేదు.

ఒక పూట ఖాళీ ఉంటే పద్మా నది ఒడ్డున ఉన్న మావా ఘాట్‌కు వెళ్ళండి. 2022 జూన్‌లో పద్మా వంతెన ప్రారంభమయ్యే దాకా జనం లాంచీల కోసం ఎదురుచూసింది అక్కడే. ఇప్పుడు చేప కోసమే వెళ్తున్నారు. చేపను మీరే ఎంచుకుంటే ఎదురుగా కోసి ఆవనూనెలో వేయించి, తోకను మెదిపి ముళ్ళు తీసి భొర్తా చేసి పెడతారు. చేప ధర బేరమాడేటప్పుడే వేయించడానికి, భొర్తాకు, అన్నానికి వేరే తీసుకుంటారా అని కూడా తేల్చుకోండి.

లండన్‌లోనో మరో చోటో ఉన్న తెలుగువాళ్ళు ‘బంగ్లాదేశ్ తిండి మాకు తెలుసు’ అంటుంటారు. బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంట్ పేరుతో నడిచేవాటిలో చాలా వరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వెళ్ళినవాళ్ళవే. కానీ ఆ బోర్డుల కింద అమ్మే టిక్కా మసాలా వాళ్ళ ఇళ్ళల్లో వండుకునేది కాదు.

మళ్ళీ మన హోటల్ భోజనానికి వద్దాం. చేప అయ్యాక చివరగా కొంచెం అన్నం, పల్చటి పప్పు. నిమ్మబద్ద ఇక్కడే పిండాలి, చేప మీద పిండితే ఇలిష్ నూనె రుచి పోతుంది. పక్కన పచ్చిమిరపకాయ కొరుక్కోండి. పెరుగన్నం అడగొద్దు. అక్కడ పెరుగంటే ఎక్కువగా తియ్యటిదే, అది విడిగా మిఠాయి కొట్లో తినాల్సింది.

పిండిన నిమ్మ తొక్కతో వేళ్ళు రుద్ది చేతులు కడుక్కుంటే చేప వాసన తగ్గుతుంది. బిల్లు చాలాచోట్ల కాగితం మీద రాయరు. మీరు తిన్నవేమిటో వడ్డించిన అతను గల్లా దగ్గరికి కేకేసి చెప్తాడు. చిన్న నోట్లు సిద్ధంగా ఉంచుకోండి. ముట్టని భొర్తా గిన్నెలు లెక్కలో కలిశాయేమో అక్కడే అడిగి తేల్చుకోండి.