నానమ్మతో కూర్చుని సకినాలు చుట్టడం ఎలా

సంక్రాంతికి వారం ముందు, మా హైదరాబాద్ ఇంట్లో పెద్దమ్మలు, చిన్నమ్మలు, పిల్లలు అందరూ నానమ్మ చుట్టూ చేరేది సకినాలకే. కిలో కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టండి, పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద కాసేపు ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే పిండి పట్టించడానికి గిర్నికి పంపండి. ప్యాకెట్ పొడిపిండితో మాత్రం వద్దు, రుచే రాదు. పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు వేసి కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ కలపాలి.

అసలు పని చుట్టడమే. నానమ్మ బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి తాడులా మెలి తిరుగుతూ జారుతుంది, మూడు చుట్లు, ఎక్కడా తెగదు. నాది రెండో చుట్టుకే తెగుతుంది. "చెయ్యి తడి చేసుకో బిడ్డా, తొందరెందుకు" అంటుంది, చలికి శాలువా సర్దుకుంటూ. పాత నూలుచీర పరిచి దాని మీదే చుట్టండి, బట్ట తడి పీల్చుకున్నాక అట్లకాడతో తీస్తే విరగవు. పచ్చిగా ఉండగా తీశారో, నూనెలో ముక్కలే!

మధ్యమంట మీద వేయించండి, ఎర్రబడకముందే తీసేయాలి. విరిగినవి ఎలాగూ పిల్లలు అక్కడికక్కడే తినేస్తారు.