మీటింగ్ ఇన్వైట్ పంపేశాక మార్చాల్సి వస్తే ఎలా?

గురువారం సాయంత్రం 4 గంటలకు పెట్టిన మీటింగ్‌ని శుక్రవారం 3 గంటలకు జరపాలి. పదకొండు మందికి ఇన్వైట్ ఎప్పుడో వెళ్లిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు సరిగ్గా ఇదే పరిస్థితి వస్తే, పాతది డిలీట్ చేసి కొత్తది పెట్టేశాను. క్యాన్సిల్ మెయిల్ ఒక్కటే చూసినవాళ్లు మీటింగే లేదనుకున్నారు. పాత లింకు విడిగా రాసి పెట్టుకున్న ఇద్దరు శుక్రవారం దాంట్లోనే పావుగంట కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ ఈ మీటింగ్ కోసమే పాపను బడి నుంచి తెచ్చే పని పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చారు. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఇన్వైట్ మార్చే పనిని నేను తేలిగ్గా తీసుకోలేదు.

పాత ఇన్వైట్‌ని తెరిచి దాన్నే మార్చాలి. మొట్టమొదటి సంగతి ఇదే. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాపిల్ క్యాలెండర్లు ఒకదానికొకటి కబురు చేసుకునేది ఐక్యాలెండర్ అనే పద్ధతిలో. అది 1998లో వచ్చింది, 2009లో దాన్ని సవరించారు. ఇన్వైట్ మెయిల్‌తో పాటు వచ్చే ఐసీఎస్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. యూఐడీ అని ఒక పొడవాటి గుర్తింపు, సీక్వెన్స్ అని ఒక అంకె ఉంటాయి. సమయం మార్చి పంపితే యూఐడీ అలాగే ఉండి, సీక్వెన్స్ అంకె పెరుగుతుంది. అవతలి క్యాలెండర్ ఆ రెండూ చూసి, 'ఇది నా దగ్గరున్న మీటింగే, సమయం మారిందంతే' అని గ్రహించి పాతదాన్ని కొత్తచోటికి జరుపుతుంది. మనం డిలీట్ చేసి కొత్తది పెడితే యూఐడీ కూడా కొత్తదవుతుంది. దానికి పాతదానితో ఏ చుట్టరికమూ ఉండదు. ఎవరు వస్తామన్నారో, ఎవరు రామన్నారో ఆ లెక్క కూడా పాతదానితోనే పోతుంది.

మార్చే ముందు ఒక్క నిమిషం

కొత్త సమయానికి మిగతావాళ్లు ఖాళీగా ఉన్నారో లేదో చూడండి. ఆఫీసు ఖాతాల్లో గూగుల్‌లో 'ఫైండ్ ఎ టైమ్', మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్‌లో 'షెడ్యూలింగ్ అసిస్టెంట్' అందుకే ఉన్నాయి. ఎవరి పక్కన ఏ గంట నిండి ఉందో అక్కడ వరసగా కనిపిస్తుంది. ముఖ్యమైనవాళ్లను మాత్రం ఫోన్‌లోనో చాట్‌లోనో అడిగేయడం మేలు. క్యాలెండర్‌లో ఖాళీ కనిపించినంత మాత్రాన మనిషికి తీరిక ఉన్నట్టు కాదు. ఒప్పందం మీద సంతకాలు చేసే మీటింగ్‌ని శుక్రవారం పదిన్నరకు జరిపితే రాహుకాలమని ఇబ్బంది పడే పెద్దవాళ్లు మన దగ్గర ఉంటారు. ఇన్వైట్ వెళ్లాక వాళ్ల చేత కాదనిపించుకోవడం కన్నా ముందే అడగడం మర్యాద.

గూగుల్ క్యాలెండర్‌లో

1. మీటింగ్ మీద క్లిక్ చేస్తే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో పెన్సిల్ బొమ్మ నొక్కండి. ఫోన్ యాప్‌లోనూ ఇంతే.

2. తేదీ, సమయం మార్చండి. మీట్ (వీడియో కాల్) లింకుని ముట్టుకోవద్దు. సమయం మారినా ఆ లింకే పనిచేస్తుంది.

3. వివరాలు రాసే చోట అన్నిటికన్నా పైన, ఏం మారిందో ఒక్క వాక్యం చేర్చండి. ఎజెండా కింద ఎక్కడో రాస్తే ఎవరూ చూడరు.

4. సేవ్ నొక్కండి. అతిథులకు మెయిల్ పంపమంటారా అని అడుగుతూ ఒక పెట్టె వస్తుంది. సందేశం రాయడానికి అక్కడే కాస్త చోటుంటుంది. కింద 'సెండ్', 'డోంట్ సెండ్' ఉంటాయి.

ఆ నాలుగో మెట్టు దగ్గర తొందర పడకండి. 'డోంట్ సెండ్' నొక్కినా గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్ల దగ్గర మీటింగ్ కొత్త సమయానికి మారుతుంది, కానీ మారినట్టు వాళ్లకు కబురు అందదు. పొద్దున్నే క్యాలెండర్ చూసుకుని రోజంతా ప్లాన్ చేసుకున్న మనిషి మళ్లీ ఎందుకు చూస్తారు? నేను పాటించే లెక్క ఇది: ఈ మార్పు వల్ల ఎవరి రోజులోనైనా ఏదైనా కదులుతుందా? సమయం, చోటు, లింకు, ఎంతసేపు అన్నది మారితే తప్పకుండా సెండ్. అక్షర దోషం దిద్దినా, ఎజెండాలో ఒక మాట చేర్చినా డోంట్ సెండ్. ప్రతి చిన్నదానికీ మెయిల్ పంపుతుంటే, నిజంగా సమయం మారిన రోజు పంపిన మెయిల్‌ని కూడా చదవకుండా వదిలేస్తారు.

సందేశం పెట్టెని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేను ఇలా రాస్తాను:

"అందరికీ నమస్కారం. గురువారం 4 గంటల మీటింగ్ శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు మారింది. టెస్టింగ్ రిపోర్టు గురువారం రాత్రికిగానీ రాదు, అది చేతిలో లేకుండా మాట్లాడుకుని లాభం లేదు. లింకు పాతదే. శుక్రవారం కుదరనివాళ్లు ఈరోజే చెప్పండి."

పాత సమయం, కొత్త సమయం రెండూ రాయాలి. ఒక్క కొత్తదే రాస్తే ఏది మారిందో వెతుక్కోవాలి. కారణం చెప్పడం కూడా ముఖ్యం. కారణం తెలిస్తే ఎవరూ విసుక్కోరు.

ప్రతి వారం జరిగే మీటింగ్ అయితే

ఇక్కడే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు. సేవ్ నొక్కగానే గూగుల్ మూడు దారులు చూపిస్తుంది. 'దిస్ ఈవెంట్' అంటే ఈ ఒక్క రోజుదే. 'దిస్ అండ్ ఫాలోయింగ్ ఈవెంట్స్' అంటే ఈ రోజు నుంచి ముందుకు. 'ఆల్ ఈవెంట్స్' అంటే మొత్తం వరస.

సంక్రాంతి వారంలో ఒక్కసారికి మీటింగ్‌ని వేరే రోజుకి మార్చాలంటే మొదటిది చాలు. ఇకపై సోమవారం బదులు మంగళవారం అనుకుంటే రెండోది. జరిగిపోయినవి ఎప్పుడు జరిగాయో అలాగే ఉంటాయి. మూడోది నొక్కేటప్పుడు మాత్రం ఆలోచించండి. అది గడిచిపోయిన మీటింగుల దాకా వెళ్తుంది. పాత తేదీలకు రాసుకున్న నోట్స్ అవసరమైనవాళ్లకు అది ఇబ్బంది. అవుట్‌లుక్‌లోనైతే మరో నష్టం కూడా ఉంది: మొత్తం వరస సమయాన్ని మారిస్తే, మధ్యలో ఒక్కో వారానికి విడిగా చేసుకున్న మార్పులు చెరిగిపోతాయి. దసరా వారానిది విడిగా బుధవారానికి జరిపి ఉంటే, అది మళ్లీ మామూలు వరసలోకి వచ్చేస్తుంది. అందుకే వరస మొత్తం మార్చే ముందు అలాంటి తేదీలను ఒక కాగితం మీద రాసుకోండి.

అమెరికాతో కాల్ ఉన్నవాళ్లకు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని న్యూయార్క్‌తోనో న్యూజెర్సీతోనో మాట్లాడేవాళ్లు ఏటా రెండుసార్లు ఈ గండం దాటాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. 2007 నుంచి ఇదే లెక్క. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. మనకు ఆ పద్ధతి లేదు. బ్రిటన్‌లో ఉంది కానీ వాళ్లు మార్చి చివరి ఆదివారం మారుస్తారు. అంటే మార్చిలో రెండు మూడు వారాలు ముగ్గురి గడియారాల మధ్య తేడాలు మామూలుగా ఉండవు.

వారం వారం జరిగే మీటింగ్ ఏ టైమ్ జోన్‌లో పెట్టారో ఆ గడియారానికే కట్టుబడి ఉంటుంది. చలికాలంలో న్యూయార్క్ ఉదయం 10 అంటే మనకు రాత్రి 8:30. ఆ మీటింగ్ అమెరికా మనిషి తన సమయంలో పెడితే, మార్చిలో అది మనకు 7:30 అవుతుంది. మనం మన సమయంలో పెట్టి ఉంటే మనకు 8:30గానే ఉంటుంది, వాళ్లకు 11 అవుతుంది. కాబట్టి ఇన్వైట్ మార్చేటప్పుడు గూగుల్‌లో సమయం పక్కనే ఉండే 'టైమ్ జోన్' నొక్కి, అది ఎవరి గడియారం మీద నడుస్తోందో చూడండి. ఎవరి గంట కదలకూడదో ముందే మాట్లాడుకుని వాళ్ల జోన్ పెట్టండి. పిల్లలను నిద్రపుచ్చే వేళ, వంట వేళ, ఆఖరి బస్సు వేళ కూడా ఈ లెక్కలోకి రావాలి. అవతలివాళ్లకు అవి మనం చెబితేనే తెలుస్తాయి.

అవుట్‌లుక్‌లో తేడా ఎక్కడ?

తెరిచి మార్చడం అంతా ఒకటే, చివర 'సెండ్ అప్‌డేట్' లేదా 'సెండ్' నొక్కాలి. అయితే ఇక్కడ అప్‌డేట్ పంపకుండా సేవ్ చేసి వదిలేస్తే మన క్యాలెండర్‌లో కొత్త సమయం, మిగతావాళ్ల దగ్గర పాత సమయం ఉండిపోతాయి. గూగుల్ అలవాటుతో అవుట్‌లుక్‌కి వచ్చినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

కొత్తగా ఒక్కరినే చేర్చినా, ఒక్కరినే తీసేసినా, పాత అవుట్‌లుక్ అడుగుతుంది: అప్‌డేట్ వాళ్లకే పంపాలా, అందరికీ పంపాలా అని. అలాంటప్పుడు వాళ్లకే పంపండి. మిగతా పాతికమందిని కదిలించాల్సిన పనిలేదు.

మీటింగ్ మీరు పెట్టింది కాకపోతే

ఇన్వైట్ అందుకున్నవాళ్లు తమ దగ్గర సమయం మార్చుకుంటే అది వాళ్ల క్యాలెండర్‌లోనే మారుతుంది, మిగతావాళ్లకు ఏమీ కాదు. అందరికీ మారిందనుకుని ఒక్కరే వెళ్లి కూర్చునే ప్రమాదం ఉంది. అవుట్‌లుక్‌లో ఇంకో సంగతి: వచ్చిన ఇన్వైట్ లోపలే మన సొంత నోట్స్ రాసుకుంటే, ఆర్గనైజర్ (మీటింగ్ పెట్టినవారు) అప్‌డేట్ పంపగానే అవి పోవచ్చు. నోట్స్ వేరేచోట రాసుకోండి.

సమయం కుదరకపోతే 'ప్రపోజ్ న్యూ టైమ్' వాడండి. గూగుల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ ఉంది. ఆర్గనైజర్‌కి మీరు అడిగిన సమయం కనిపిస్తుంది, వాళ్లు ఒప్పుకుంటే అందరికీ మారుతుంది. ఊరికే 'నో' అనేసే కన్నా ఇది ఎంతో నయం. నలుగురూ కలిసి నడిపే మీటింగ్ అయితే గూగుల్‌లో ఆర్గనైజర్ అతిథుల జాబితా కింద 'మాడిఫై ఈవెంట్' టిక్ పెట్టి, మార్చే హక్కు ఇవ్వవచ్చు. మామూలుగా అది ఆపి ఉంటుంది.

మీటింగ్ నడిపే మనిషే టీమ్ మారుతుంటే, గూగుల్‌లో కంప్యూటర్ మీద ఈవెంట్ తెరిచి మూడు చుక్కల మెనూలో 'చేంజ్ ఓనర్' ద్వారా కొత్తవారికి అప్పగించవచ్చు. వాళ్లకు మెయిల్ వెళ్తుంది, ఒప్పుకోవాలి. పాత అవుట్‌లుక్‌లో ఇలా అప్పగించే వీలు లేదు. అక్కడ పాత వరసకి ముగింపు తేదీ పెట్టి అప్‌డేట్ పంపి, కొత్తవారి చేత కొత్త వరస పెట్టించాలి. డిలీట్ చేయకుండా ముగింపు తేదీ పెడితే జరిగిపోయిన మీటింగుల చరిత్ర నిలుస్తుంది.

గూగుల్‌లో పొరపాటున డిలీట్ చేసేసినా కంగారు పడొద్దు. కంప్యూటర్‌లో సెట్టింగ్స్ చక్రం నొక్కితే ట్రాష్ కనిపిస్తుంది. 30 రోజుల దాకా అది అక్కడే ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు.

పంపాక మరో పని మిగిలి ఉంటుంది. సాయంత్రం ఆ ఈవెంట్ మళ్లీ తెరిచి, అతిథుల పేర్ల పక్కన ఎవరు జవాబివ్వలేదో చూడండి. పదకొండు మందిలో ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్లకు మళ్లీ మెయిల్ వద్దు, ఫోన్ చేయండి: "అండీ, రేపు 4 గంటలది శుక్రవారం 3కి మారింది, చూశారా?"