కెనడాలో ఉద్యోగ వేట – 3వ పాఠం: తెలియని మనిషికి మొదటి మెసేజ్

పోయిన పాఠంలో లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ సరిచేసుకున్నాం, పేరు దగ్గర మనవాళ్ళకి వచ్చే చిక్కు గురించి కూడా మాట్లాడుకున్నాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు మూడు ముక్కలుగా ఇంకోచోట ఉండి, తీరా ఇక్కడ ఆఫీసులో అందరూ "వెంకట" అని పిలిచేసరికి పలకని వాళ్ళని ఎంతమందిని చూశానో. అందుకే రెజ్యూమేలో, లింక్డ్‌ఇన్‌లో, ఈమెయిల్‌లో ఒకే పేరు, మీరు పలికే పేరు పెట్టుకోమన్నాను. అది ఇంకా చెయ్యనివాళ్ళు ముందు అది ముగించుకుని రండి, ఈ వారం పని అంతా ఆ పేరు మీదే నడుస్తుంది.

మీరు మెసేజ్ పంపాలనుకునే ఇరవై మంది పేర్లు రాసుకు రమ్మన్నాను కదా. పంపినవాళ్ళవి అన్నీ చదివాను. దాదాపు అందరి జాబితాలోనూ ఒకటే కనిపించింది: డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు, హెచ్‌ఆర్ మేనేజర్లు. పెద్దవాళ్ళని పట్టుకుంటే పని అవుతుందన్నది మనకి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు, తప్పు పట్టడం లేదు. కానీ ఈ పనికి వాళ్ళు కాదు. మీరు ఏ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నారో ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మనిషి కావాలి, వీలైతే మూడు నాలుగేళ్ళ కిందట మీలాగే సూట్‌కేసులతో దిగిన మనిషి. ఆ మనిషికి మీ ఇబ్బంది ఇంకా గుర్తుంటుంది. పైగా ల్యాబ్‌లోనో టీమ్‌లోనో ఎవరు మానేస్తున్నారో హెచ్‌ఆర్ కంటే ముందు తెలిసేది కూడా వాళ్ళకే.

ఒక చెల్లెలి సంగతి తీసుకుని పాఠమంతా చెబుతాను. తనకి అభ్యంతరం లేదంది, పేరు మాత్రం రాయను. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ)లో ఆరేళ్ళు చేసింది, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం) మీద చెయ్యి తిరిగిన పిల్ల. పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చి బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌లో ఉంటూ, పగలు గోడౌన్‌లో పెట్టెలు సర్దుతూ రాత్రి అప్లికేషన్లు పెట్టేది. బ్రాంప్టన్, మిసిసాగా చుట్టుపక్కల మందుల కంపెనీలకి కొదవ లేదు, అయినా రెండు నెలలు ఒక్క ఫోన్ రాలేదు. నాకు ఫోన్ చేసి "అక్కా, నాకేమీ రాదేమోనని భయంగా ఉంది" అంది. అప్పటిదాకా తను పంపుతూ వచ్చిన మెసేజ్ ఇది. అసలు ఇంగ్లీషులో ఉంది, అర్థం తెలుగులో ఇస్తున్నాను:

"గౌరవనీయులైన సర్, నేను ఫార్మాలో ఆరేళ్ళ అనుభవం ఉన్న కొత్త ఇమిగ్రెంట్‌ని. ఉద్యోగం కోసం చూస్తున్నాను, ఏ ఉద్యోగమైనా పర్వాలేదు. నా రెజ్యూమే జతచేశాను. దయచేసి మీ కంపెనీలో రిఫర్ చేయగలరు."

ఇందులో మర్యాద తక్కువైంది ఏమీ లేదు. కానీ అందుకున్న మనిషి వైపు నుంచి చదవండి. ముక్కూ మొహం తెలియని మనిషి రెజ్యూమే మొత్తం చదవాలి, దానికి సరిపోయే ఖాళీ తనే వెతకాలి, ఆ తర్వాత తన పేరు పెట్టి మేనేజర్‌కి చెప్పాలి. మన ఊళ్ళలో పెళ్ళి సంబంధం చెప్పే మధ్యవర్తి ఏం చేస్తాడు? ఆ ఇంటివాళ్ళ సంగతి తెలియకుండా నోరు విప్పడు, రేపు తేడా వస్తే మాట పోయేది తనది కాబట్టి. ఇక్కడ రిఫరల్ కూడా అంతే. మొదటి మెసేజ్‌లోనే రిఫర్ చెయ్యమంటే మంచివాళ్ళు కూడా ఏం చెప్పాలో తెలియక జవాబివ్వకుండా ఊరుకుంటారు. వాళ్ళ మౌనాన్ని చూసి మనం "ఇక్కడ ఎవరూ సాయం చెయ్యరు" అనుకుంటాం.

ఇంకోటి, "ఏ ఉద్యోగమైనా పర్వాలేదు". మన దగ్గర ఇది వినయం. ఇక్కడ చదివేవాళ్ళకి మాత్రం మీకు ఏం కావాలో మీకే తెలియదన్నట్టు వినిపిస్తుంది. దయచేసి ఈ ముక్క తీసెయ్యండి. మీరు కడుపు కట్టుకుని ఫీజులు కట్టి, డిగ్రీని వెస్ అనే సంస్థ దగ్గర ఇక్కడి చదువుతో పోల్చి మదింపు చేయించుకుని, ఇంతదూరం వచ్చింది ఏదో ఒక ఉద్యోగం కోసం కాదు. ఇల్లు గడవడానికి చేసే పని చేస్తూనే ఉండండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానీ మెసేజ్‌లో అడిగేది మాత్రం మీ అసలు పని గురించి.

మరి ఎలా రాయాలి? రెండు మెట్లలో రాయాలి. లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ అడిగేటప్పుడు పెట్టే నోట్‌లో చోటు చాలా తక్కువ, డబ్బు కట్టని ఖాతాకైతే నెలకి కొన్ని నోట్లే రాయనిస్తుంది. కాబట్టి అక్కడ రెండు వాక్యాలు చాలు: "హలో, మీరు హైదరాబాద్‌లో క్యూసీ ల్యాబ్ నుంచి వచ్చి ఇక్కడ అదే పనిలో ఉన్నట్టు చూశాను. నేనూ అదే దారిలో ఉన్నాను, కనెక్ట్ అవ్వాలని ఉంది." అంతే. వాళ్ళు ఒప్పుకున్నాక, ఒకరోజు ఆగి, అసలు మెసేజ్:

"కనెక్ట్ అయినందుకు థాంక్స్. నేను ఆరేళ్ళు హెచ్‌పీఎల్‌సీ మీద ఫినిష్డ్ ప్రొడక్ట్ టెస్టింగ్ చేశాను, రెండు నెలల కిందట బ్రాంప్టన్ వచ్చాను. ఇక్కడి ల్యాబుల్లో కొత్తగా వచ్చినవాళ్ళ రెజ్యూమేలో ముందు దేన్ని చూస్తారో తెలుసుకోవాలనుకుంటున్నాను. వచ్చే వారం పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందా? మీకు కుదిరే టైమ్ ఏదైనా సరే."

రెజ్యూమే లేదు, రిఫరల్ లేదు, ఉద్యోగం అన్న మాటే లేదు. అడిగింది ఒక ప్రశ్న, పదిహేను నిమిషాలు. తనకి తెలిసిన విషయం చెప్పడానికి మనిషికి మధ్యవర్తి భయం ఉండదు. ఇక్కడ చిన్న మాట, "సర్", "మేడమ్" వద్దు. వయసులో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం మనకి గొంతులో అడ్డుపడుతుంది, నాకు ఆ అలవాటు రావడానికి నెలలు పట్టింది, అయినా ఇంగ్లీషులో పేరుతోనే పిలవండి. అవతల ఉన్నది తెలుగువారై, ఫోన్‌లో వాళ్ళే తెలుగులోకి వస్తే అప్పుడు "గారు", "మీరు" హాయిగా వాడుకోండి.

జవాబు రాకపోతే? వారం ఆగి ఒక్కసారి, ఒకే వాక్యంతో గుర్తుచెయ్యండి. అప్పుడూ రాకపోతే ఆ పేరు పక్కన తేదీ వేసి వదిలెయ్యండి. నేను పంపిన మొదటి పది మెసేజ్‌లకి రెండు జవాబులు వచ్చాయి, ఆ రెంటిలో ఒకటి "ఇప్పుడు కుదరదు". డిసెంబరు రెండో సగంలో పంపి బాధపడకండి, చాలామంది సెలవుల్లో ఉంటారు.

ఇప్పుడు ఆ పదిహేను నిమిషాల సంగతి, ఈ పాఠానికి గుండెకాయ ఇదే. చెల్లెలికి జవాబిచ్చిన మొదటి మనిషి మిసిసాగాలో ల్యాబ్ అనలిస్ట్. కాల్‌కి ముందు తను కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుంది. మొదటిది "మీ ల్యాబ్‌లో రోజు ఎలా మొదలవుతుంది?" చాలా మామూలు ప్రశ్న, కానీ మంచి ప్రశ్న, ఎందుకంటే జవాబులో బోలెడు సమాచారం వస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు షిఫ్టుకి మనుషులు దొరకడం లేదని ఆయన చెప్పారు, మొదటి ఉద్యోగం ఎక్కువగా ఏజెన్సీ ద్వారా ఆరు నెలల కాంట్రాక్టు మీద వస్తుందని చెప్పారు. తర్వాత చెల్లెలి ప్రొఫైల్ తెరిచి చూసి ఒక మాట అడిగారు: "మీరు సీనియర్ ఎగ్జిక్యూటివ్ అని పెట్టారేంటి?"

మన ఫార్మా కంపెనీల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు, అక్కడ క్యూసీ ఎగ్జిక్యూటివ్ అంటే బెంచ్ మీద నిలబడి పరీక్షలు చేసే మనిషే. ఇక్కడ ఎగ్జిక్యూటివ్ అంటే కంపెనీ నడిపే పైస్థాయి వాళ్ళు. అనలిస్ట్ ఉద్యోగానికి సీనియర్ ఎగ్జిక్యూటివ్ అప్లై చేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఈమె ఉండదు, జీతం సరిపోదు అనుకుని పక్కన పెడతారు. రెండు నెలలుగా తను జాబ్ సైట్లలో వెతుకుతున్నది కూడా ఆ మాటతోనే. ఈ ఒక్క మాట ఎవరూ చెప్పక ఆ పిల్ల తనకేమీ రాదేమోనని ఏడ్చింది. నాకూ తట్టలేదు, నాది వేరే రంగం. ఆ కుర్చీలో కూర్చున్న మనిషినే అడగమనేది ఇందుకే.

మీరూ మీ పాత హోదా ఇక్కడ ఏ పేరుతో ఉందో చూసుకోండి. కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైట్‌లో ప్రతి వృత్తికీ ఎన్‌ఓసీ (ఇక్కడి వృత్తుల వర్గీకరణ) అనే అయిదంకెల కోడ్ ఉంటుంది, కెమికల్ టెక్నాలజిస్టులు, టెక్నీషియన్లది 22100. మీ కోడ్ తెలిస్తే ఆ కింద వాడే ఉద్యోగాల పేర్లు, మీ ప్రాంతంలో తక్కువలో తక్కువ ఎంత ఇస్తారో, ఎక్కువలో ఎక్కువ ఎంతో కనిపిస్తాయి. ఆ పేర్లు పట్టుకుని లింక్డ్‌ఇన్‌లో వెతకండి. పాత కంపెనీ ఇచ్చిన హోదాని మార్చి అబద్ధం రాయమనడం లేదు, పైన కనిపించే హెడ్‌లైన్‌లో మీరు చేసే పని పేరు పెట్టి, కింద అనుభవం దగ్గర అసలు హోదా అలాగే ఉంచండి.

కాల్ ముగిసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మర్చిపోకండి: "ఈ విషయంలో ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందంటారు?" పేరు చెబితే సంతోషం, చెప్పకపోతే వదిలెయ్యండి. పదిహేను నిమిషాలు అడిగితే పద్నాలుగో నిమిషానికి మీరే గుర్తుచెయ్యండి, వాళ్ళు పొడిగిస్తే అది వాళ్ళ ఇష్టం. అదే రోజు థాంక్స్ రాయండి. రెండు మూడు వారాలకి, వాళ్ళు చెప్పింది చేశాక ఏమైందో మళ్ళీ రాయండి. ఇది ఎక్కువమంది చెయ్యరు. చెల్లెలు "మీరు చెప్పినట్టు హెడ్‌లైన్ మార్చాను, ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది" అని రాసింది. అప్పుడు ఆయనే రెజ్యూమే పంపమన్నారు. అక్కడ ఖాళీ లేదు గానీ, ఆయన చెప్పిన ఇంకొకరి ద్వారా సాయంత్రం షిఫ్టు కాంట్రాక్టు దొరికింది.

"కెనడియన్ అనుభవం" గురించి చాలామంది అడిగారు. ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో కెనడియన్ అనుభవం ఉండాలని రాయకూడదు, జీతం ఎంతనుంచి ఎంతదాకానో కూడా చాలామటుకు రాయాలి. ప్రకటన నుంచి ఆ మాట తీసేసినంత మాత్రాన ఎదుటివాళ్ళ మనసులో సందేహం పోదు, అందుకే ఈ మాటలు, ఈ కాల్స్. మీ పని గురించి ఇక్కడి మాటల్లో చెప్పడం వచ్చేది వీటివల్లే. పరిచయాలు బొత్తిగా లేనివాళ్ళు టొరంటో చుట్టుపక్కల ఉంటే ట్రైఎక్ (వలస వచ్చినవాళ్ళకి ఉద్యోగాల విషయంలో సాయపడే సంస్థ) వాళ్ళ మెంటరింగ్ పార్ట్‌నర్‌షిప్ గురించి కనుక్కోండి, మీ వృత్తిలోనే ఉన్న ఒకరిని జతచేస్తారు. ఆక్సెస్ ఎంప్లాయ్‌మెంట్ లాంటి చోట్ల కూడా కొత్తగా వచ్చినవాళ్ళకి ఉచితంగా సాయం దొరుకుతుంది.

ఇక జాగ్రత్తలు. ప్రొఫైల్ మీద ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే "ఓపెన్ టు వర్క్" గుర్తు పెట్టగానే మీకు కూడా మెసేజ్‌లు వస్తాయి. ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగం ఇస్తామని, చెక్కు పంపుతాం కొంత ఉంచుకుని మిగతాది వేరే ఖాతాకి పంపమని, ట్రైనింగ్ ఫీజు కట్టమని. నన్ను కూడా వచ్చిన మొదటి నెలలో ఒకరు ఫీజు అడిగారు, టెన్షన్‌లో ఉన్నప్పుడు కట్టెయ్యాలనే అనిపిస్తుంది. కట్టకండి. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళ దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోవడం ఒంటారియోలో చట్టవిరుద్ధం. మీ సిన్ నంబరు (ఇక్కడ పని చెయ్యడానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు) ఉద్యోగంలో చేరాకే ఇవ్వండి, ఇంటర్వ్యూ దశలో ఎవరడిగినా అవసరం లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో సలహా తిరుగుతుంటుంది, లేని అనుభవం రాసుకోమని, ఇంటర్వ్యూలో వేరేవాళ్ళని కూర్చోబెట్టమని. మీకు ఎంత ఇబ్బంది ఉన్నా వద్దు. ఇక్కడ ఉద్యోగం ఖాయం చేసేముందు పాత మేనేజర్లకి ఫోన్ చేసి అడుగుతారు. ఒకరు దొరికిపోతే ఆ ల్యాబ్ వాళ్ళు తర్వాత వచ్చే పది మంది తెలుగువాళ్ళని అనుమానంగానే చూస్తారు, వాళ్ళలో నిజంగా ఆరేళ్ళు చేసిన చెల్లెళ్ళు ఉంటారు.

ఈ వారం అభ్యాసం. జాబితాలో పెద్దవాళ్ళని కొట్టేసి, మీ కుర్చీలో ఉన్న అయిదుగురిని రాసుకోండి. ఒక్కొక్కరి ప్రొఫైల్ పది నిమిషాలు చదివి, ఆ మనిషికి మాత్రమే సరిపోయే వాక్యం ఒకటైనా ఉండేలా నోట్ రాయండి. పంపేముందు పైకి చదవండి, ఊపిరి ఆడకపోతే వాక్యం పొడుగైనట్టు. ఒక నోటు పుస్తకంలో పేరు, పంపిన తేదీ, జవాబు, వాళ్ళు చెప్పిన మాట, మళ్ళీ ఎప్పుడు రాయాలో వేసుకోండి.

వచ్చే పాఠంలో "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్న దగ్గర కూర్చుందాం. దానికి ఒక కాగితం తెచ్చుకోండి: పాత ఉద్యోగంలో వచ్చిన ఒక సమస్య, దాన్ని ఎలా పరిష్కరించారో, అరపేజీ చాలు. రాసాక "మేము" అని ఎక్కడెక్కడ ఉందో ఎర్ర పెన్నుతో గీత గీసి, ఆ పనిలో మీరు స్వయంగా చేసింది ఏమిటో పక్కనే రాసి ఉంచండి.