2022లో అమ్మానాన్నల్ని అమెరికా ఫ్లైట్ ఎక్కించాలంటే కోవిడ్ కాగితాలు ఎలా రెడీ చేయాల్సి వచ్చేది?

మా అమ్మానాన్నల్ని, తర్వాత అత్తామామల్ని, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో రెండు జంటల్ని శంషాబాద్ నుంచి ఎక్కించా. వెళ్ళిన ప్రతిసారీ చెకిన్ కౌంటర్ పక్కన ఎవరో ఒక పెద్దాయన ట్రాలీ ఆపుకుని, ఫోన్‌లో కొడుక్కి "పేరు తప్పంటున్నారురా" అని చెప్తూ కనిపించేవారు. అందుకే రాస్తున్నా. ఇవి 2022 మార్చి నాటి రూల్స్, విజిటర్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి. ఇప్పుడివి లేవు: టెస్ట్ రూల్ 2022లోనే, వ్యాక్సిన్ రూల్ 2023లో ఎత్తేశారు. కింద చెప్పేదంతా అప్పటి మాటే.

అప్పుడు కావాల్సినవి సింపుల్: పాస్‌పోర్ట్, టికెట్, రెండు డోసుల సర్టిఫికెట్, నెగెటివ్ రిపోర్ట్, సంతకం పెట్టిన సీడీసీ (అమెరికా ఆరోగ్య సంస్థ) డిక్లరేషన్ ఫారం. అన్నీ ప్రింట్ తీయాలి, మూడేసి కాపీలు. ఫోన్‌లో ఉంది కదా అనొద్దు, కౌంటర్ ముందు నిలబడ్డాకే పెద్దవాళ్ళకి ఫోన్ లాక్ ప్యాటర్న్ గుర్తు రాదు.

వ్యాక్సిన్ సంగతి: రెండో డోసు పడి 14 రోజులు దాటాల్సి ఉండేది. కోవిషీల్డ్ ఓకే, కోవాక్సిన్ కూడా ఓకే. డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని 2021 నవంబర్ 3నే ఒప్పుకుంది, అమెరికా రూల్ మొదలైంది నవంబర్ 8న. అయినా "కోవాక్సిన్ వాళ్ళని రానివ్వరట" అని ఫార్వర్డ్ చేసే బాబాయిలుండేవారు, వదిలేయండి.

ఇక అసలు తలనొప్పి, పేరు. మన తెలుగోళ్ళకే ఇది ఎక్కువ. ఆధార్‌లో "వి లక్ష్మి" అని ఉంటుంది, వ్యాక్సిన్ వేయించుకునేటప్పుడు అదే చూపించాం కాబట్టి సర్టిఫికెట్‌లోనూ అదే పడింది, పాస్‌పోర్ట్‌లో చూస్తే ఇంటిపేరు పూర్తిగా "వేములపల్లి", పేరేమో "వెంకట లక్ష్మి". మనకి ఇద్దరూ ఒకరే, కౌంటర్‌లో అమ్మాయికి మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులు. కొందరికి పాస్‌పోర్ట్‌లో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయి, వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది, వాళ్ళు ఇంకా జాగ్రత్త.

వ్యాక్సిన్ సర్టిఫికెట్లిచ్చే సర్కారు సైట్ కోవిన్‌లో మీ నంబర్‌తో లాగినయ్యి "రెయిజ్ యాన్ ఇష్యూ"లోకి వెళ్ళండి. ముందు పేరు సరిచేయండి, ఆ తర్వాతే పాస్‌పోర్ట్ నంబర్ కలపండి. ఈ వరస తప్పొద్దు. పేరు మార్చుకునే ఛాన్స్ ఒక్కసారే ఇచ్చేవారు కాబట్టి కంగారుగా కొట్టకండి. పాస్‌పోర్ట్ పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుతూ టైప్ చేయండి, ఇంకొకరు చూస్తుండాలి. మా మామయ్య విషయంలో నేను ఒక్కణ్ణే రాత్రి పదకొండింటికి కూర్చుని ఒక "హెచ్" మింగేశా, ఆ తర్వాత పడ్డ తిప్పలు ఇక్కడ చెప్తే మా ఆవిడ చదువుతుంది. అయ్యాక ఇంటర్నేషనల్ ట్రావెల్ సర్టిఫికెట్ దించుకోండి, అందులో పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది, మామూలు దాంట్లో వయసే ఉంటుంది.

పేరు గొడవ అక్కడితో అయిపోలేదు. ల్యాబ్‌లో కుర్రాడు పేరు చెవితో విని టైప్ చేస్తాడు. నోటితో చెప్పొద్దు, పాస్‌పోర్ట్ జిరాక్స్ చేతిలో పెట్టండి, రిపోర్ట్‌లో పాస్‌పోర్ట్ నంబరో పుట్టిన తేదీయో ఉండాలని చెప్పండి, పీడీఎఫ్ రాగానే ల్యాబ్ గుమ్మం దగ్గరే చదవండి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునేవాళ్ళని పిలవొద్దు, తప్పు పడితే దిద్దించడానికి ఎవరి వెంట పడతారు?

టెస్ట్ ఎప్పుడు? 2021 డిసెంబర్ 6 నుంచి ఒక్క రోజు ముందే చేయించుకోవాల్సి వచ్చేది, అంతకుముందు మూడు రోజులుండేది. ఒక రోజంటే 24 గంటలు కాదు, క్యాలెండర్ రోజు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి ఫ్లైట్ అయితే, శనివారం ఎప్పుడిచ్చినా సరే. "శనివారం రాత్రి బయల్దేరుతున్నాం" అనుకుని శుక్రవారం ఇచ్చారో, అయిపోయింది. వాళ్ళు చూసింది శాంపిల్ తీసిన తేదీ, రిపోర్ట్ వచ్చిన తేదీ కాదు. అందరూ ఆర్టీపీసీఆర్ కోసమే కొట్టుకునేవారు గానీ అమెరికాకి ల్యాబ్‌లో చేసిన యాంటిజెన్ కూడా చెల్లేది, అరగంటలో చేతికొచ్చేది. రిపోర్ట్ కోసం సాయంత్రం దాకా బీపీ మాత్రలు వేసుకోవడం నాకైతే అర్థం కాదు, నేనైతే యాంటిజెనే. ఇంట్లో కిట్‌తో మనమే చేసుకున్నది మాత్రం ఒప్పుకునేవారు కాదు.

డిక్లరేషన్ ఫారం రెండు నిమిషాల పని, గళ్ళు టిక్ పెట్టి సంతకం. ముందే నింపి ఫోల్డర్‌లో పెట్టండి, ఎయిర్‌లైన్ వాళ్ళే తీసుకునేవారు.

తిరుగు ప్రయాణానికి ఎయిర్ సువిధ ఫారం (ఇండియాకి వచ్చేవాళ్ళు ఆన్‌లైన్‌లో నింపేది) ఉండేది, 2022లోనే అదీ ఎత్తేశారు. 2022 ఫిబ్రవరి 14 నుంచి, అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి రెండు డోసుల సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే సరిపోయేది, టెస్ట్ అక్కర్లేకపోయింది. ఆ ఫారం అక్కడున్న కొడుకో కూతురో నింపాల్సి వచ్చేది. మళ్ళీ చెప్తున్నా, పేరు పాస్‌పోర్ట్ చూసే కొట్టండి.