పియానో బ్రిడ్జిని కొత్తగా తయారుచేసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

పియానో తీగల కంపనాన్ని సౌండ్‌బోర్డుకు, అంటే స్వరాన్ని పెద్దదిచేసే పలుచని చెక్క పలకకు, చేరవేసే చెక్క పట్టీయే బ్రిడ్జి. పాత బ్రిడ్జి ఎంత పగిలినా కొత్తదానికి అదే నమూనా కనుక, పని పూర్తయ్యేవరకు దానిని పారవేయరాదు. ఊడదీయకముందే దాని మీద పలుచని కాగితం పరచి పెన్సిల్‌తో రుద్దితే తీగలు పక్కకు జరగకుండా పట్టే పిన్నుల స్థానాలు, వాటి దగ్గర చెక్కలో కోసిన గాట్ల అంచులు స్పష్టంగా అచ్చు పడతాయి.

ఆధునిక పియానోలో తీగలన్నిటి బిగువు కలిపి సుమారు 18 నుంచి 20 టన్నుల వరకు ఉంటుంది కాబట్టి, తీగలు విప్పేటప్పుడు ఆ బిగువును ఒకే పక్కన వదలకుండా, అన్ని భాగాలలోనూ విడతలవారీగా తగ్గించాలి. కంటికి రక్షణ అద్దాలు తప్పనిసరి.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కోరేది ఎత్తు. బ్రిడ్జి తక్కువైతే తీగ దాని మీద సరిగా ఆనక స్వరం బలహీనపడుతుంది, ఎక్కువైతే సౌండ్‌బోర్డు మీద అనవసరపు భారం పడుతుంది. సౌండ్‌బోర్డు కుంగి ఉంటే పాత కొలతనే గుడ్డిగా నమ్మరాదు. తీగ వెళ్లే దారిలో దారం బిగించి చూసుకోవడమే మేలు.

చెక్క గట్టి మేపుల్ గానీ బీచ్ గానీ అయి, ముడులు లేకుండా బాగా ఆరి ఉండాలి.

పిన్ను కన్నా కాస్త సన్నని డ్రిల్ బిట్‌ను ఎంచుకొని, ముందుగా అదే చెక్క ముక్క మీద రంధ్రం చేసి బిగువు పరీక్షించాలి. గాటు అంచు పిన్నుల మధ్యరేఖకు సరిగ్గా చేరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ తీగ స్వచ్ఛంగా పలకదు, ఎంత శ్రుతి చేసినా ఆ లోపం పోదు.