చీలమండ ఆపరేషన్ తర్వాత ఇంట్లో: ఏ వారం ఎలా ఉంటుంది, ఏం చూసుకోవాలి

రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లు నాకు ఏడాది పొడుగునా కనిపిస్తూనే ఉంటారు. బండి మీద నుంచి పడ్డవాళ్లు, బాత్రూమ్‌లో జారినవాళ్లు, కడియం వైపు నర్సరీల్లో తడి గట్ల మీద కాలు మడతపడ్డవాళ్లు. మంచం పక్కన కూర్చోగానే అందరూ ఒకటే అడుగుతారు: "ఎప్పటికి నడుస్తానండీ?"

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు అని ముందు వాళ్లకు చెబుతాను. నొప్పి చాలామందికి మూడో వారానికే బాగా తగ్గిపోతుంది. ఎముక గట్టిపడటానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ రెండింటి మధ్య రోజుల్లోనే, "నొప్పేం లేదు కదా" అని కాలు కింద మోపేస్తారు. ప్లేటు వేశారు కదా, ఇంకేం భయం అనుకుంటారు. ఎముక అతికేదాకా ముక్కలు కదలకుండా పట్టి ఉంచడమే ప్లేటు పని. మన ఒంటి బరువంతా మోయడానికి దాన్ని వేయలేదు.

మొదటి రెండు రోజుల సంగతి. నడుముకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేస్తే కొన్ని గంటల్లో స్పర్శ తిరిగొస్తుంది. కాలికి విడిగా కూడా మత్తు ఇచ్చి ఉంటే మర్నాటిదాకా ఏమీ తెలియకపోవచ్చు. "అబ్బే, నొప్పే లేదు" అనుకుని మాత్ర మానేస్తే, మత్తు వదిలిన రాత్రి సలుపు ఒక్కసారిగా మొదలవుతుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా మొదటి రెండు మూడు రోజులు డాక్టర్ రాసిన మాత్రలు రాసిన టైముకే వేసుకోండి. అవి చాలకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. మందుల షాపులో ఇంకో నొప్పి బిళ్ల అడిగి తెచ్చుకోవద్దు. ముఖ్యంగా షుగరు, బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అసలే వద్దు.

ఇక కాలు ఎత్తులో పెట్టడం. మొదటి రెండు వారాల్లో ఇంతకు మించిన వైద్యం లేదు. సోఫాలో కూర్చుని కాలు స్టూలు మీద పెడితే అది ఎత్తు కిందికి రాదు. పడుకున్నప్పుడు పాదం గుండె కంటే పైన ఉండాలి. రెండు మూడు గట్టి దిండ్లు పిక్క పొడుగునా పెట్టండి. మడమ మాత్రం దిండు చివర దాటి గాల్లో ఉండాలి. మడమ ఆనించి రోజుల తరబడి పడుకుంటే అక్కడ పుండు పడుతుంది, పిండికట్టు లోపల అది ఎవరికీ కనపడదు. నవారు మంచం కుంగిపోతుంది కాబట్టి ఈ కొన్నాళ్లూ దివాన్ మీదికో పట్టెమంచం మీదికో మారండి.

బాత్రూమ్‌కి వెళ్దామని కాలు కిందికి దించగానే వేళ్లు ఊదా రంగుకి తిరుగుతాయి, రక్తమంతా అక్కడే చేరినట్టు సలుపుతుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. కాలు మళ్లీ పైకి పెడితే కొన్ని నిమిషాల్లో మామూలు రంగుకి వస్తే భయం లేదు. బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. అలా రాకపోయినా, వేళ్లు చల్లబడి మొద్దుబారినా, మాత్రలకు లొంగని నొప్పి పెరుగుతూ వేలు కదిపితేనే ప్రాణం పోతున్నట్టున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి. పిక్క గట్టిపడి నొప్పి పెట్టడం రక్తం గడ్డ కట్టిన గుర్తు కావచ్చు, అదీ ఆ రోజే చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, గుండెలో పోటు వస్తే 108కి ఫోన్ చేయడమే.

బాత్రూమ్ గురించి ఆసుపత్రిలో ఎవరూ వివరంగా చెప్పరు. మన ఇళ్లలో అసలు కష్టమంతా అక్కడే. కింద కూర్చునే దొడ్డి అయితే కొన్ని నెలలు దాని జోలికి వెళ్లలేరు. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, కొన్ని చోట్ల అద్దెకూ ఇస్తారు. డిశ్చార్జి రోజుకే అది ఇంట్లో ఉండాలి. స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, కాలు బయటికి చాపుకోవడానికి స్టూలు ఒకటి వేయండి. కట్టు మీద పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన మోకాలి దగ్గర టేపు చుట్టండి. పురికొస బిగించి కట్టొద్దు, రక్తం ఆగుతుంది. నేల మీద సబ్బు నురగ కడిగి, ఆరాకే లేవండి. కట్టు లోపల దురద పెడితే అల్లిక సూదో, స్కేలో దూర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. గీసుకున్న చోటే చీము పడుతుంది, దయచేసి ఆ పని చేయొద్దు.

వాకర్‌తో గడపలు దాటేటప్పుడు ముందు వాకర్, ఆ తర్వాత మంచి కాలు. చంకకర్రలైతే బరువు అరచేతుల మీద ఉండాలి, చంకల్లో కాదు. కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. ధైర్యం చాలకపోతే కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు. వాకర్‌తో మాత్రం మెట్లెక్కొద్దు.

తిండి దగ్గర నాకు ప్రతి ఇంట్లోనూ వాదనే. "పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ వద్దు, గుడ్డు వద్దు" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. పాపం, మనిషికి చారన్నం, మజ్జిగన్నం పెట్టి కూర్చోబెడతారు. ఎముక అతకాలన్నా పుండు మానాలన్నా మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేపలు, పాలు, పెరుగు, తినేవాళ్లకు చికెన్, అన్నీ పెట్టండి. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. ఒకసారి ఒక మామ్మగారు "మా కాలంలో ఇలా లేదు బాబూ" అన్నారు. "మీరు వండిన పప్పే మీ కోడలికి మందు మామ్మగారూ" అన్నాను. మర్నాడు నేను వెళ్లేసరికి కంచంలో ముద్దపప్పు ఉంది. షుగరున్నవాళ్లు అన్నం తగ్గించి, షుగరు అదుపులో ఉంచుకోవాలి. వాళ్లకు పుండు నెమ్మదిగా మానుతుంది, పాదంలో స్పర్శ తక్కువైతే కాలు మోపడానికి డాక్టర్లు ఇంకా ఎక్కువ రోజులు ఆగమంటారు. చుట్ట, బీడీ, సిగరెట్ ఈ కొన్ని నెలలైనా మానేయండి. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

కుట్లు సాధారణంగా రెండు వారాల ప్రాంతంలో విప్పుతారు. పక్కు రాలి గాయం పూర్తిగా మూసుకునేదాకా పసుపు, నూనె, ఆకు పసరు ఏవీ రాయొద్దు. కట్టు తడిగా ఉండి వాసన వస్తున్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి. చూడటానికి వచ్చిన బంధువుల్లో ఒకరైనా ఎముకల నాటుకట్టు కోసం పుత్తూరు తీసుకెళ్తామంటారు. ఆ కట్టుకి ఉన్న పేరు నాకూ తెలుసు. కానీ లోపల ప్లేటుండి పైన కోత ఉన్న కాలికి ఇంకో చోట కట్టు కట్టించడం, నూనెలతో మర్దనా చేయించడం ప్రమాదం.

సుమారు 6 వారాలకు ఎక్స్‌రే తీసి, ఎముక అతుకుతున్న తీరు చూసి కాలు మోపమంటారు. కొందరికి ఇంకా ముందే, చీలమండ కదలకుండా పట్టి ఉంచే బూటు తొడిగి, మోపమంటారు. ఎముక విరిగిన తీరును బట్టి ఇది మారుతుంది, కాబట్టి పక్కింటివాళ్ల కాలితో మీ కాలిని పోల్చుకోవద్దు. "కొంచెం కొంచెం బరువు వేయండి" అన్న మాట ఎవరికీ అర్థం కాదు. నేను బరువు చూసే మెషీన్ ఒకటి తీసుకెళ్తాను. వాకర్ పట్టుకుని నిలబడి, దెబ్బ కాలు దాని మీద పెట్టి ముల్లు 10 కిలోలు చూపేదాకా నొక్కమంటాను. మొదటిసారి అందరూ భయపడి 3 కిలోల దగ్గరే ఆగిపోతారు, లేదా ఒక్కసారిగా 25 దాటిస్తారు. నాలుగైదు సార్లు చేసేసరికి 10 కిలోలంటే ఎంతో అరికాలికే తెలుస్తుంది. డాక్టర్ ఎన్ని కిలోలు చెబితే అంతే, అక్కడి నుంచి వారం వారం పెంచుకుంటూ పోవాలి.

కట్టు తీశాక కాలు చూసి ఏడ్చినవాళ్లున్నారు. పిక్క సన్నబడి, చర్మం పొలుసులు రేగి, చీలమండ మొద్దులా బిగిసి ఉంటుంది. అది మామూలే. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, కొబ్బరినూనె రాయండి. మంచం మీద కూర్చుని గాల్లో బొటనవేలితో అ ఆ ఇ ఈ రాయండి, అక్షరాలు పెద్దవిగా రావాలి, మోకాలు కదలకూడదు. రోజుకి మూడుసార్లు వర్ణమాల మొత్తం. తువ్వాలు పాదం కింద వేసి, రెండు కొసలూ పట్టుకుని మీ వైపు లాగి అర నిమిషం ఉంచండి. పిక్క లాగినట్టుండాలి, కోసినట్టుండకూడదు.

సాయంత్రానికి వాపు రావడం ఆరు నెలలదాకా, కొందరికి ఏడాదిదాకా ఉంటుంది. మర్నాడు పొద్దుటికి తగ్గితే నిన్న చేసిన పని సరిపోయిందని లెక్క. పొద్దున్న కూడా ఉంటే ఆ రోజు నడక తగ్గించండి. గ్రానైట్ నేల మీద ఒట్టి కాళ్లతో తిరిగితే మడమ పోటు పెడుతుంది. హవాయి చెప్పులు కూడా వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనుక్కోండి.

బండి గురించి మగవాళ్లు రెండో నెలలోనే అడుగుతారు. మోటార్ సైకిల్‌కి ఎడమ కాలితో గేరు, కుడి కాలితో బ్రేకు. స్కూటీకి అవి లేకపోయినా ఆగినప్పుడల్లా కాలు నేలకు ఆన్చాలి, ఎవరైనా అడ్డొస్తే ఒక్కసారిగా ఆ కాలి మీదే బండి బరువు పడుతుంది. దెబ్బ కాలు ఒక్కదాని మీదే గోడ పట్టుకోకుండా పది సెకన్లు నిలబడలేనంతకాలం నేను ఒప్పుకోను, ఆపైన డాక్టర్ అనుమతి కూడా ఉండాలి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం అన్నిటికంటే చివర్లో వస్తాయి. ఈలోగా ఇంట్లో వ్రతమో నోమో వస్తే పీట బదులు కుర్చీ వేయమని పంతులుగారికి ముందే చెప్పి ఉంచండి.